ఓటు లేబర్‌కి, బాధ రిషి కోసం

"ఫీజులు పెంచాడని రిషిని నువ్వే కదా నాన్నా తిట్టావు, ఇప్పుడు ఓడిపోతే మొహం అలా పెట్టావేంటి?" అంది మా పదకొండేళ్ల పిల్ల, 2024 జూలై 5 పొద్దున, స్కూల్‌కి బూట్లు వేసుకుంటూ.

అప్పటి బ్రిటన్ ప్రధాని రిషి సునాక్‌ని తిట్టిన మాట నిజమే. ఆ ఫిబ్రవరిలో, వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడి ప్రభుత్వ వైద్యానికి కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ పెద్దవాళ్లకి ఏడాదికి 624 పౌండ్ల నుంచి 1035 చేశారు, మా వీసా రెన్యూవల్ సరిగ్గా అప్పుడే వచ్చి పడింది. మాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయినా కామన్వెల్త్ వాళ్లం కాబట్టి ఇక్కడ ఓటుంది, నేను ప్రతిపక్షంలో ఉన్న లేబర్ పార్టీకే గుద్దాను, ఇక్కడ గుద్దడం ఏముందిలే, పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టడమే. పొద్దున లేచి రిషి పార్టీ కన్సర్వేటివ్‌లకి 121 సీట్లే అని చూస్తే మాత్రం, నేనే ఓడించి నేనే ఏడ్చే రకం కదా, గుండెల్లో ఏదో కలుక్కుమంది.

ఎందుకంటే 2022 దీపావళి రోజు ఆయన పార్టీ లీడర్ అయ్యాడని తెలిసినప్పుడు ఊళ్లో వాళ్లందరికీ ఫోటోలు పంపింది నేనే. "చూశావా, మనలాంటివాడు పీఎం అవుతున్నాడు" అంటే మా పిల్ల "మనకి అంత డబ్బు లేదు కదా" అని టీవీ వైపు తిరిగింది. నిజం చెప్పాలంటే సౌతాంప్టన్‌లో పుట్టిన పంజాబీ మూలాల మనిషికీ గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నాకూ చుట్టరికం ఏముంది? ఇన్ఫోసిస్ అల్లుడనా?

ఆ జూలై 5 సాయంత్రం రిషి, కొత్త ప్రధాని లేబర్ నాయకుడు స్టార్మర్, ఇద్దరి స్పీచ్‌లూ పిల్లా నేనూ కలిసి చూశాం. దిగిపోతున్నాయన కొత్తాయన్ని మంచి మనిషి అన్నాడు, స్టార్మర్ ఏమో మొదటి బ్రిటిష్ ఏషియన్ ప్రధానిగా రిషి పడ్డ శ్రమని తక్కువ చేసి చూడొద్దన్నాడు. నేను నోరెళ్లబెట్టాను, పిల్లకి అందులో వింతేం కనపడలేదు. దానికి గుర్తున్నది వేరే, సరిగ్గా నెల కింద జూన్ 4న నేను తెల్లారుజామున మూడున్నరకే లేచి ఆంధ్రా కౌంటింగ్ పెట్టుకుని, వైసీపీకి 11 అని తేలగానే మా బావకి ఆ అంకె ఒక్కటే పదిసార్లు మెసేజ్ చేయడం, ఆయన ఫ్యామిలీ గ్రూప్ లోంచి వెళ్లిపోవడం. "మామయ్యకి సారీ చెప్పావా?" అంది. లేదు, ఇంకా చెప్పలేదు, 2019లో ఆయన చేసిన వెక్కిరింపులు నేనింకా మర్చిపోలేదు మరి.

పార్టీని కాదు, పాలసీని చూడాలని దానికి చెప్తుంటాను. చెప్పేటప్పుడు గొంతు బాగానే ఉంటుంది. 2025 మేలో స్టార్మర్ ప్రభుత్వం సెటిల్‌మెంట్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కుకి, ఐదేళ్లు బదులు పదేళ్లు అనే ప్రతిపాదన పెట్టగానే నేను మళ్లీ తిట్లు ఎత్తుకున్నా, "నువ్వే కదా వేసింది" అని ఇది. నేను చూసే పాలసీ మా వీసా ఒక్కటేనేమో, మిగతాదంతా మనోడా కాదా అన్న లెక్కేనేమో అనిపిస్తుంది ఒక్కోసారి. అలాగని పిల్లకి ఆ లెక్క అస్సలు రాకపోతే బాధగానూ ఉంటుంది, చుట్టూ అందరూ తనవాళ్లే అనుకుంటే రేపు ఎవరైనా కాదన్నప్పుడు ఏం చేస్తుందో అని.

వచ్చే ఎన్నికలకల్లా పదహారేళ్లకే ఓటు ఇస్తామని లేబర్ వాళ్లు ప్రకటించారు. ఎన్నికలు 2029లో పెడితే దీనికీ ఓటొస్తుంది. గ్రీన్ పార్టీకి వేస్తుందట, నా సలహా ఏమీ అక్కర్లేదట.