అన్నభేది రుచి

పదకొండున్నర దాటింది, నిద్ర పట్టడం లేదు. సాయంత్రం వాన పడింది, అలిపిరి వైపు కొండ మీదికి మబ్బు దిగింది, మిరపకాయ బజ్జీలు తిన్నాం. అంతవరకు బాగానే ఉంది. ఏడింటికి మేనల్లుడు ఫోన్ చేశాడు. రాగి రాయిని పొడి చేసి, నీళ్లలో గాలి బుడగలతో రాగి ఖనిజాన్ని పైకి తేల్చే మిల్లులో వాడి ఉద్యోగం.

"మామయ్యా, రాగి రికవరీ పడిపోయింది. గ్జాంథేట్ ఎంత పెంచమంటావు?"

రికవరీ అంటే రాయిలోని రాగిలో మన చేతికొచ్చే వంతు. గ్జాంథేట్ అంటే ఖనిజం రేణువు బుడగకు అంటుకునేలా చేసే మందు. ఎంత పెంచాలట! ఆ రాయి ఎప్పుడు తవ్విందిరా, ఎన్నాళ్లుగా కుప్పలో ఉంది అంటే, "ఏడాది పైనే ఉంటుంది, అదంతా మైన్ వాళ్లు చూసుకుంటార్లే" అన్నాడు. ఒళ్లు మండింది. గంధకం కలిసిన సల్ఫైడ్ రాయేమన్నా ఇసుకా, ఆరుబయట పోసి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తుకోవడానికి? గాలీ నీళ్లూ తగిలి పైన తుప్పు పొర కడుతుంది. ఆ పొర మీద గ్జాంథేట్ సరిగ్గా పట్టదు. అది పట్టకపోతే రేణువు బుడగకు అంటుకోదు, తేలదు. రాగి కాస్తా టెయిలింగ్స్, అంటే పారబోసే బురద పాలవుతుంది. "పాత రాయంటే పాడైన రాయే" అని గట్టిగానే చెప్పాను. కాస్త ఎక్కువ గట్టిగా. "సరే మామయ్యా, షిఫ్ట్ టైమైంది" అని పెట్టేశాడు.

"వాడి మీద అరిస్తే అక్కడ రాగి తేలుతుందా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

అరిచే హక్కు నాకుందా అని ఇప్పుడనిపిస్తోంది. రాజస్థాన్‌లో చేరిన కొత్తలో, వానలు వెనకబట్టాక పాత కుప్ప రాయి మిల్లుకు పెట్టారు. నాది నైట్ షిఫ్ట్. సున్నం ఎంత పోసినా పీహెచ్, అంటే నీటి ఆమ్ల-క్షార కొలత, నిలవదు. నేనేం చేశాను? గ్జాంథేట్ పెంచాను. లేవలేదు. ఇంకా పెంచాను. తెల్లవారుజామున నురుగు పొంగి అంచుల మీదుగా కారింది. సంబరపడ్డాను. తీరా చూస్తే లేచిందంతా మాకక్కర్లేని ఇనుప ఖనిజం పైరైటే, నురుగులో రాగి శాతం అడుగంటింది.

పొద్దున ఫోర్‌మన్ పెద్దాయన ఒక్క మాటా అనకుండా కుప్ప దగ్గరికి తీసుకెళ్లి ఒక గడ్డ చేతిలో పెట్టాడు. పగుళ్లలో తెల్లటి పూత, అక్కడక్కడ నీలం. వేలు తడిపి తెల్లదాన్ని అద్ది నాలుకకు రాసుకున్నాడు, నన్నూ చూడమన్నాడు. (మీరెవరూ చూడకండి.) వగరుకి నాలుక ముడుచుకుపోయింది. అన్నభేది, ఇనుము లవణం! ఆ నీలం, మా నాన్న సున్నంతో కలిపి తోటకు కొట్టే మైలుతుత్తం, రాగి లవణం. అది నీళ్లలో కరిగి పైరైట్‌కు పట్టి దాన్ని పైకి లేపుతుంది. పుట్టిన ఆమ్లం సున్నాన్ని తినేస్తుంది. కరిగిన లోహాలు గ్జాంథేట్‌ను రాయి దాకా చేరనివ్వవు. ఆ వారమంతా కొత్త రాయిలో పాతది కొద్దికొద్దిగా కలుపుతూ గట్టెక్కాం.

సరే, వాడికి చెప్పింది నిజమే కదా అనుకున్నాను. అదీ పూర్తిగా కాదు. రాగి ఉండే ఖనిజం చాల్కోపైరైట్‌కు గాలి కొంచెమే సోకితే ఒక్కోసారి గ్జాంథేట్ లేకుండానే తేలుతుంది. పెద్ద గడ్డలైతే చెడేది పైపైనే, మిల్లులో పగిలితే లోపలిది తాజాగా బయటపడుతుంది. చూర, అంటే సన్న పొడి ఎక్కువున్నా, పిర్రోటైట్ అనే ఇనుప సల్ఫైడ్ ఉన్నా మాత్రం తొందరగా పాడవుతుంది. వాడి రాయిలో ఏముందో నేను అడిగానా? వయసొక్కటే అడిగి తిట్టాను.

ఇందాకే మెసేజ్ పెట్టాను. పిర్రోటైట్ ఉందా, చూర ఎంత, టెస్ట్‌కు తీసిన సాంపిల్ తుప్పు పట్టకుండా ఫ్రీజర్‌లో పెట్టావా అని. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఫ్రీజర్ మాట మాత్రం మా ఆవిడ చెవిన పడకూడదు. మా ఫ్రీజర్‌లో రాళ్ల పొడి దొరికిన రోజు ఆవిడింకా మరిచిపోలేదు.