కోచింగ్ లేకుండా జేఆర్ఎఫ్, ఆ తర్వాత ల్యాబ్ వేట: నల్గొండ నుంచి నా అనుభవం

ఎమ్మెస్సీ అయ్యాక నల్గొండలోనే ఉండి సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కి (పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా డబ్బిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ ఈ పరీక్షతో వస్తుంది) చదువుతున్నవాళ్లు నన్ను ముందు అడిగేది, హైదరాబాద్ వెళ్లి కోచింగ్ తీసుకోకుండా అవుతుందా అని. అవుతుంది. నేను లైబ్రరీలో కూర్చుని పాత పేపర్లే ఎక్కువ చేశాను. పార్ట్ సిలో 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు, ఒక్కోదానికి 4 మార్కులు, అంటే 200లో సగం అక్కడే ఉంది కాబట్టి 13 యూనిట్లూ పైపైన తిరగేసేకంటే సగం యూనిట్లు గట్టిగా పట్టుకోవడం మేలు. తప్పు రాస్తే పావు వంతు పోతుంది, గుడ్డిగా టిక్ పెట్టొద్దు. చివర్లో ఉందని మెథడ్స్ యూనిట్ (ల్యాబ్ పద్ధతులది) మాత్రం వదలకండి, ఎందుకో కింద చెప్తా.

అసలు టెన్షన్ జేఆర్ఎఫ్ వచ్చాక మొదలవుతుంది. మనవాళ్లు బయోమెడికల్ అనగానే బయోటెక్నాలజీ డిపార్ట్‌మెంట్ ఒక్కటే చూస్తారు. హెచ్‌సీయూలోనే చూడండి, బయోకెమిస్ట్రీ, యానిమల్ బయాలజీ, మెడికల్ సైన్సెస్, చివరికి కెమిస్ట్రీలో కూడా ఆరోగ్యం మీద పనిచేసే ల్యాబులుంటాయి. తార్నాకలో ఎన్ఐఎన్ (పోషకాహార పరిశోధన సంస్థ), హబ్సిగూడలో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరిశోధన కేంద్రం) ఎలాగూ ఉన్నాయి. డిపార్ట్‌మెంట్ పేరు కాదు, ఆ ల్యాబ్ ఏ ప్రశ్న మీద పనిచేస్తుందో చూడండి.

నా ప్రశ్న ఫ్లోరైడ్, అది తాగే నీళ్లలో ఎక్కువైతే ఎముకలు, పళ్లు దెబ్బతింటాయి. మర్రిగూడ వైపు చుట్టాలున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అది చెప్పగానే సానుభూతి చూపిస్తారనుకున్నా, వాళ్లేమో సూటిగా నీళ్లలో ఫ్లోరైడ్ ఎలా కొలుస్తావు అన్నారు. అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ (ఫ్లోరైడ్ అయాన్‌నే పట్టి కొలిచే పరికరం) అన్నా. మరి టిసాబ్ బఫర్ (కొలిచే ముందు నీళ్లలో కలిపే ద్రావణం) ఎందుకు అని అడిగారు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ టెక్నిక్‌లో పటిక, సున్నం వేస్తారు కదా, ఆ పటికలోని అల్యూమినియం వెళ్లి ఫ్లోరైడ్‌ని పట్టుకుని ఉంటే ఎలక్ట్రోడ్‌కి కనిపించదు, రీడింగ్ తక్కువొస్తుంది, టిసాబ్ దాన్ని విడిపిస్తుంది, పీహెచ్‌ని కూడా నిలబెడుతుంది అని చెప్పా. ఇది మెథడ్స్ యూనిట్ చదివే అలవాటు వల్లే నోట్లోంచి వచ్చింది. తర్వాత కంట్రోల్ గ్రూప్‌గా, అంటే ఫ్లోరైడ్ సమస్య లేనివాళ్లతో పోల్చి చూడ్డానికి, ఏ ఊరిని తీసుకుంటావని చాలాసేపు తిప్పారు, నిజానికి అదే కష్టమైన ప్రశ్న, ఎందుకంటే పక్క ఊళ్లో నీళ్లు మంచివైనా తిండి, పని, బోరు లోతు అన్నీ వేరు కావచ్చు.

గైడ్‌కి మెయిల్ పెట్టేటప్పుడు రెస్పెక్టెడ్ సర్ అని అందరికీ ఒకే లెటర్ పంపకండి, వాళ్ల పేపర్ ఒకటి చదివి దాంట్లో ఒక ఫిగర్ గురించి అడగండి. ఫెలోషిప్ మీ వెంట వస్తుంది, 2023 నుంచి నెలకు 37,000, ఇంకా హెచ్‌ఆర్‌ఏ, ఆ సంగతి మెయిల్‌లో మొదటి లైన్‌లోనే రాయండి. జేఆర్ఎఫ్ రానివాళ్లు ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ పోస్టులు చూడండి, నోటిఫికేషన్ యూనివర్సిటీ సైట్‌లో ఓ మూలన కొద్ది రోజులే ఉంటుంది.