పాదోవాలో రగ్బీ నేర్చుకున్నాను

ఎమ్మెస్సీ చదవడానికి ఇటలీలోని పాదోవా వచ్చిన ఆరు నెలలకు, గదిలో నాతో ఉండే అమ్మాయి నన్ను స్టేడియానికి లాక్కెళ్లింది. 2019 మార్చి 17. ఫ్రాన్స్ మహిళలు అంతకుముందు ఏడాది సిక్స్ నేషన్స్‌లో, అంటే ఏటా ఆరు యూరప్ జట్లు ఆడే రగ్బీ పోటీలో, ఒక్క మ్యాచ్ కూడా ఓడనివారు. వాళ్లను ఇటలీ 31-12తో ఓడించి ఆ ఏడు రెండో స్థానంలో నిలిచింది. నియమాలు ఒక్కటీ తెలియకుండానే గొంతు పోయేలా అరిచాను.

వారం తిరక్కుండా ఊళ్లోని ఒక క్లబ్బుకు వెళ్లాను. బూట్లున్నాయా అని అడుగుతారనుకుంటే, వైద్య ధ్రువపత్రం ఉందా అన్నారు. ఇటలీలో క్రీడావైద్యుడి సంతకం లేనిదే పోటీల్లో ఆడనివ్వరు. ఏటా మళ్లీ తెచ్చుకోవాలి కూడా. సీసాలో మూత్రం పట్టి ఇచ్చాను, గొట్టంలోకి ఊదాను, ఈసీజీ తీశారు. మూడు నిమిషాలు మెట్టు ఎక్కించి దించి మళ్లీ తీశారు. డాక్టరు ఆ కాగితాన్ని రెండుసార్లు చూసి, ‘ఎకో (గుండె స్కాన్) తీయించుకు రండి’ అన్నారు.

తీరా ఎకో రోజున వెళితే జాబితాలో నా పేరే లేదు. ఇక్కడ మనిషిని గుర్తుపట్టేది పన్ను సంఖ్యతో. అందులో మొదటి మూడు అక్షరాలు ఇంటిపేరులోంచి, తర్వాతి మూడు పేరులోంచి వస్తాయి. మన అలవాటు ప్రకారం ఫోన్లో ఇంటిపేరు ముందు చెప్పాను. వాళ్లు దాన్నే పేరుగా రాసుకున్నారు. కంప్యూటరు దృష్టిలో నేను వేరే మనిషిని. ఇంకో రెండు వారాలు ఆగాల్సి వచ్చింది. గుండె మాత్రం శుభ్రంగా ఉంది. అమ్మకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

ఇక ఆట. బడిలో కబడ్డీ ఆడినదాన్ని కాబట్టి మనిషిని పట్టడం వచ్చనుకున్నాను. నా చేయి నేరుగా చీలమండ మీదికి పోయేది. కోచ్ నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి మొదటినుంచి నేర్పింది: తల పక్కకు, చెంప ఎదుటి మనిషి తొడకు ఆనాలి, రెండు చేతులూ చుట్టేయాలి. తల అడ్డంగా పెడితే మెడ పోతుంది. నెలన్నర ఇదే. నా ఎత్తు చూసి తొమ్మిదో నంబరు ఇచ్చారు. పడినవాళ్ల గుట్ట వెనక నుంచి బంతిని తీసి, నిటారుగా లేవకుండానే విసరడం ఆ నంబరు పని. అందుకే అదే స్థానంలో ఆడే సారా బరత్తిన్ వీడియోలు నెమ్మదిగా తిప్పి తిప్పి చూసేదాన్ని. ఇటలీ తరఫున వంద మ్యాచ్‌లు ఆడిన మొదటి మహిళ ఆవిడే. ఆ వందోది 2021లో.

మా సాధన రాత్రి ఎనిమిదికి. అందరూ పని ముగించుకుని వచ్చేవాళ్లే. జాతీయ జట్టు వాళ్లదీ దాదాపు ఇదే బతుకని తెలిసి ఆశ్చర్యపోయాను. ఇటలీ రగ్బీ సమాఖ్య మొదటిసారి పాతికమంది మహిళలకు కాంట్రాక్టులిచ్చింది 2022లో. అదే ఏడు న్యూజిలాండ్‌లో వాళ్లు ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్ చేరారు. ఇటలీ పురుషులు అప్పటికి ఒక్కసారీ అంతదూరం వెళ్లలేదు.

నా మొదటి మ్యాచ్ నవంబరులో, బురదలో. జట్టుకు పదిహేనుమంది బదులు ఏడుగురే ఆడే రకం, సగానికి ఏడు నిమిషాలు. బంతి దొరికింది, పరుగెత్తాను, ఎవరో నడుము పట్టి పడేశారు. పడిన వెంటనే బంతి వదలాలన్నది గుర్తుండటమే ఆ రోజు నా ఘనత.

మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ కలిసి భోంచేయడాన్ని ఇక్కడ ‘మూడో సగం’ అంటారు. నన్ను పడేసిన అమ్మాయే నా పళ్లెంలో పాస్తా వడ్డించి, పరుగెత్తేటప్పుడు ఏమిటో గొణుగుతున్నావు, ప్రార్థనా అని అడిగింది.

కూత అని చెప్పడానికి నా ఇటాలియన్ చాలలేదు.