ఫార్మాట్ కొట్టనివ్వని మా లాబ్ సార్

మా బ్యాచ్‌లో ఎవర్నడిగినా లైనక్స్ లాబ్ అనగానే ముందు సారే గుర్తొస్తారు. ప్యాకేజీలు (లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ వచ్చే మూటలు) చెడిపోయాయి, ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఎక్కిస్తాం సార్ అంటే అస్సలు ఒప్పుకునేవారు కాదు, ఆ ఎర్రర్ ఏం చెప్తోందో ముందు పూర్తిగా చదవండ్రా అనేవారు. 1999లో డెబియన్ అనే లైనక్స్ రకం 2.1 వెర్షన్‌తో, ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్ అనే టూల్ వచ్చింది కదా, ఆయన అంతకుముందు ఆ పనికి వాడిన డీసెలెక్ట్ రోజుల నుంచీ వాడిన మనిషి, అందుకే లోపల ఏం జరుగుతుందో ఆయనకి కొట్టినపిండి.

ఓసారి అప్‌గ్రేడ్ మధ్యలో కరెంట్ పోయి ఒక మెషీన్ సగంలో ఆగిపోయింది, ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా అన్‌మెట్ డిపెండెన్సీస్, అంటే దానికి కావాల్సిన వేరే ప్యాకేజీలు సరిగ్గా లేవు అనే ఎర్రరే. సార్ మమ్మల్నందర్నీ దాని చుట్టూ నిలబెట్టి చెప్పారు, దేనికి ఏది కావాలో లెక్క చూసి తెచ్చేది ఆప్ట్, తెచ్చినదాన్ని విప్పి సర్దేది డీపీకేజీ, విప్పాక కాన్ఫిగర్ కాకుండా ఆగిపోతే దానిమీద ఆధారపడ్డవన్నీ ఆగిపోతాయి అని. ముందు డీపీకేజీ --ఆడిట్ కొట్టి సగంలో ఉన్నవేంటో చూశాం, తర్వాత డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ, ఆ తర్వాతే ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్. అక్కడ వై నొక్కబోతుంటే ఆపి, తీసేయబోయే ప్యాకేజీల లిస్టు మొత్తం పైకి చదివించారు. నిజంగా చాలా సిస్టమ్‌లు పోయేది ఆ లిస్టు చదవకే, ఒక లైబ్రరీని (చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్‌ని) సరిచేయబోయి డెస్క్‌టాప్ మొత్తం పీకించుకున్నవాళ్ళని ఉద్యోగంలో చేరాక ఎంతమందిని చూశానో.

కరెంట్ పోయిన కేసు తేలికే, అసలు తలనొప్పి వెర్షన్లు కలిసిపోయినప్పుడు. స్టేబుల్ (స్థిరమైన వెర్షన్) సిస్టమ్‌లో టెస్టింగ్ (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్) రెపోనో, అంటే ప్యాకేజీలు దింపుకునే చోటో, బయటివాళ్ళ రెపోనో కలిపి, పని అయ్యాక రెపోల జాబితాలోంచి ఆ లైను తీసేస్తారు, దాన్నుంచి వచ్చిన కొత్త లైబ్రరీ మాత్రం అక్కడే ఉండిపోతుంది, కొన్నాళ్ళకి ఇంకేదో ప్యాకేజీ సరిగ్గా పాత వెర్షనే కావాలని మొరాయిస్తుంది. ఇది పట్టుకోవడానికి సార్ నేర్పింది ఆప్ట్-క్యాష్ పాలసీ, ఒక ప్యాకేజీ ఏ వెర్షన్ ఏ రెపోలో ఉందో చూపించే కమాండ్. ఎర్రర్‌లో మొదట కనపడ్డ పేరు దగ్గర ఆగకుండా దానికి ఏది అడ్డమో, ఆ అడ్డానికి ఏది అడ్డమో అలా చివరిదాకా వెళ్ళి ఆ పేరు మీద పాలసీ కొడితే, నక్షత్రాలున్న వెర్షన్ (ఇప్పుడు మన సిస్టమ్‌లో ఉన్నది) కింద రెపో అడ్రస్ ఏదీ లేకుండా 100 అనే అంకె, స్టేటస్ ఫైల్ (ఇన్‌స్టాల్ అయినవాటి చిట్టా) పేరు మాత్రమే ఉన్నాయంటే ఆ వెర్షన్ ఇప్పుడు మనం వాడుతున్న ఏ రెపోలోనూ లేదన్నమాట. అప్పుడు పేరు పక్కన ఈక్వల్ పెట్టి రెపోలో ఉన్న వెర్షన్ రాసి, ముందు -ఎస్‌తో ఉత్తుత్తిగా నడిపి చూసి, వెనక్కి దించాలి. డౌన్‌గ్రేడ్‌కి డెబియన్ గ్యారంటీ ఇవ్వదని కూడా ఆయనే చెప్పారు, అందుకే దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఆధారపడే లిబ్‌సీ లాంటివాటి జోలికి పోనిచ్చేవారు కాదు.

ఇప్పుడు నేను చేసేది సర్వర్ల పనే, నా కింద చేరే పిల్లలకి కూడా ఇదే వరసలో చెప్తున్నా. మన జూనియర్స్ ఎవరైనా ఇలా ఇరుక్కుంటే కంగారుపడి దొరికిన కమాండ్లన్నీ కొట్టకండి, లాగ్ ఫోల్డర్‌లో ఆప్ట్ కింద హిస్టరీ ఫైల్ ఉంటుంది, ఏ రోజు ఏ కమాండ్‌తో ఏం వచ్చిందో ఏం పోయిందో అందులో ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి.