మడతల్లో చినుగుతున్న కాగితం

ఈరోజు మళ్లీ చిన్నమ్మతో అనంతపురం పోయొచ్చినా. చిన్నాయన హత్య కేసులో పరిహారం మంజూరైనట్టు కాగితం ఇచ్చి ఏడు నెలలు. "బడ్జెట్ రాలేదమ్మా, వచ్చే నెల రాండి" అన్నారు. ఆమె మారుమాట అనకుండా కాగితం మడిచి సంచిలో పెట్టుకునింది. మడతల దగ్గర చినుగుతాంది అది.

బాధితుల పరిహారం గురించి పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 2009 చివర్లో అమల్లోకొచ్చింది 357ఎ సెక్షన్; ఇప్పుడు దాని బదులొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో అది 396. నేరస్తుడు దొరక్కపోయినా బాధితులు పరిహారం అడగొచ్చు, విచారణ రెండు నెలల్లో ముగించాలి అని ఉంది. డబ్బు చేతికందడానికి మాత్రం ఆ సెక్షన్‌లో గడువే లేదు. ఖజానాలో లోటొస్తే ఇట్లాంటోళ్ల డబ్బు ఎందుకు ఆగాల? ఇది దానం కాదు, హక్కు.

పిల్లోని ఫీజుకు కమ్మలు కుదువ పెట్టింది చిన్నమ్మ. బస్సులో అడిగింది: "ఏ తేదీకి రమ్మన్నారు నాయనా?"

తేదీ చెప్పలేదు చిన్నమ్మా.