పెదవికి స్పర్శ పోయినప్పుడు

కింది పెదవి ఎడమవైపు మొద్దుబారిందని నేను మొదట చెప్పుకున్నది గుంటూరులో మా వీధి చివరనున్న పంటి వైద్యుడికి. అప్పటికే ఒక దవడపన్ను కదులుతోంది, చిగురు పక్కన గట్టి వాపు ఉంది. ఆయన పన్ను తీసి, యాంటీబయాటిక్ మాత్రలు రాసి, "మత్తు ఇంకా దిగలేదు, అంతేనండీ" అన్నారు. ఇంజెక్షన్‌కు ముందునుంచే అలా ఉందని రెండుసార్లు చెప్పినా వినిపించుకోలేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం కింది దవడ ఎముక లోపలినుంచే వస్తుంది కాబట్టి, దెబ్బ తగలకుండా అక్కడ తిమ్మిరి పుడితే ఎముకనే ముందు అనుమానించాలి.

పన్ను తీసిన చోటు మానకపోగా వాపు పెరిగింది. విజయవాడలో చూసిన శస్త్రవైద్యురాలు మాత్రం నా మాట పూర్తిగా విని, పెదవి మీద దూదితో రాసి చూసి, ఎక్స్‌రేలో పంటి వేరు చుట్టూ ఉండే సన్నని సందు వెడల్పయిన తీరును చూపించారు. చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షలో ఆస్టియోసార్కోమా, అంటే ఎముకలో పుట్టే క్యాన్సర్ అని తేలింది. ఇది కాళ్ల ఎముకల్లో ఎక్కువగా 10 నుంచి 20 ఏళ్ల వయసువారికి వస్తుందనీ, దవడకు వచ్చేది 100లో 10కి లోపేననీ, అదీ ముప్పై, నలభై ఏళ్ల వయసులోననీ ఆమె వివరించారు.

"ఏ గుట్కానో నమిలి ఉంటాడు, లేకపోతే ఊరికే వస్తుందా?" అని మా పెదనాన్న నా భార్య ఎదుటే అన్నారు. పొగాకు వల్ల వచ్చేది నోటి పొరలో పుట్టే క్యాన్సర్. ఎముకలో పుట్టే ఈ జబ్బుకు చాలామందిలో కారణమే దొరకదు. నా భార్య ఆ రాత్రంతా ఏడ్చిందని నాకు తర్వాత తెలిసింది.

ఎడమ దవడను చుట్టూ మంచి ఎముకతో సహా తీసి, కాలిలోని సన్నని ఎముకను రక్తనాళాలతోపాటు తెచ్చి అక్కడ అమర్చారు. ఆ రాత్రి ఐసీయూలో గొంతులో గొట్టం ఉండటంతో నోట మాట లేదు. కొత్త ఎముకకు రక్తం అందుతోందో లేదోనని నర్సమ్మ గంటగంటకూ రక్తం పారే శబ్దాన్ని వినిపించే చిన్న డాప్లర్ పరికరం ఆనించి వినేవారు. తెల్లవారుజామున ఒకసారి ఆ శబ్దం దొరకలేదు. ఆవిడ పరికరాన్ని ఎన్నిచోట్ల పెట్టినా ఏమీ వినబడకపోవడంతో డ్యూటీ డాక్టరు పరుగున వచ్చారు. మళ్లీ థియేటరుకు తీసుకెళ్తారని, ఈసారి తిరిగి రానని అనుకున్నాను; పిల్లవాడి పేరు కాగితం మీద రాయాలనుకున్నా చేయి ఆడలేదు. ఆయన నా మెడను కొద్దిగా తిప్పి సర్దాక ఆ శబ్దం మళ్లీ వినబడింది. దుర్గమ్మే ఆయన చేయి పట్టి నడిపించిందని మా అమ్మ అంటుంది. నాకూ అలాగే అనిపిస్తుంది. నిద్రలేని ఆ నర్సమ్మకు కూడా నేను మొక్కుతాను.

తర్వాత సిస్‌ప్లాటిన్, డాక్సోరూబిసిన్ మందులతో కీమో సాగింది. తీసిన ముక్క అంచుల్లో జబ్బు లేదన్న రిపోర్టే అన్నిటికంటే ముఖ్యమైనదని డాక్టరమ్మ చెప్పారు. కాళ్ల ఎముకల జబ్బుతో పోలిస్తే ఇది ఊపిరితిత్తులకు పాకడం తక్కువ, ఉన్నచోటే తిరగబెట్టడం ఎక్కువ. అందుకే స్కానింగ్‌లు మానకూడదు. కదిలే పన్నుతోపాటు పెదవి తిమ్మిరి ఉన్నవారు పన్ను తీయించుకునే ముందే ఎక్స్‌రే తీయమని గట్టిగా అడగండి, అవసరమైతే మరో వైద్యుడికి చూపించండి. నరాన్నీ తీసేయడంతో నా పెదవికి స్పర్శ తిరిగి రాలేదు. అన్నం మాత్రం కుడివైపు నమిలి తింటున్నాను, కొత్త ఎముకలో పళ్లు అమర్చే విషయం వచ్చే స్కానింగ్ తర్వాత చూద్దామన్నారు.