బ్రేకర్ చూడాలా, వైరు చూడాలా?

డాలస్‌లో తెలుగువాళ్ల ఇంటికి భోజనానికి వెళ్తే అన్నం వడ్డించేలోపే "ఏ ప్రాజెక్టులో ఉన్నారండీ?" అని అడుగుతారు. కరెంటు పని అంటే "ఓహో, పవర్ సెక్టారా" అని వాళ్లే సర్దుకుంటారు. కాదండీ, పైపుల్లో వైర్లు లాగే పనే.

టెక్సస్‌లో జర్నీమన్ లైసెన్స్ (మాస్టర్ కంటే ఒక మెట్టు కింద, ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే లైసెన్స్) కావాలంటే మాస్టర్ ఎలక్ట్రీషియన్ కింద 8,000 గంటలు పనిచేయాలి. 7,000 గంటలు దాటాక పరీక్షకు కూర్చోనిస్తారు. ఊళ్లో తీసుకున్న వైర్‌మన్ పర్మిట్ చూపించి నేరుగా లైసెన్స్ ఇమ్మంటే కుదరదు. పరీక్షలో కోడ్ బుక్, అంటే అమెరికా కరెంటు పనుల నిబంధనల పుస్తకం, తెరిచి రాయొచ్చు. ఆ మాట వినగానే అందరికీ ధైర్యం వస్తుంది, లావుపాటి పుస్తకం చేతికొచ్చాక పోతుంది, ముఖ్యంగా ఎర్త్ వైరు సైజు తేల్చే దగ్గర.

నిజామాబాద్ తమ్ముడు ఒకతను ఆదివారాలు మా ఇంటికొచ్చి చదువుకుంటాడు. దుబాయ్‌లో చేసొచ్చాడు, చేతిలో పని ఉంది. వాళ్లావిడ సాఫ్ట్‌వేర్. మొన్న పుస్తకం మూసి, "ఒక్క ఎర్తింగ్‌కు ఇన్ని టేబుల్స్ ఎందుకన్నా?" అన్నాడు. మన దగ్గర అలవాటైన లెక్క వేరు మరి. ఫేజ్ వైరు 16 స్క్వేర్ ఎంఎం దాకా ఉంటే ఎర్త్ వైరూ అంతే, 35 దాకా 16, ఆ పైన ఫేజ్‌లో సగం. అంతా ఫేజ్ వైరు చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ ముందు చూసుకోవాల్సింది, ఆ వైరుకు ముందు మన బ్రేకర్ ఉందా లేదా అని. బ్రేకర్ దాటాక మోటారుకో ప్యానెల్‌కో వెళ్లే ఎర్త్ వైరుకు కోడ్ బుక్‌లోని 250.122 టేబుల్, అది బ్రేకర్ ఆంప్స్‌ని బట్టి. ఇక్కడ వైరు సైజు నంబర్లలో చెప్తారు, నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు, 1/0, 2/0 అంటే ఇంకా లావు. రాగి అయితే 20 ఆంప్స్‌కి 12 నంబర్, 60కి 10, 100కి 8, 200కి 6. 125 ఆంప్స్ ఆ టేబుల్‌లో లేదు. అలాంటప్పుడు పై వరుసకే పోవాలి, అంటే 200 వరుసలోని 6 నంబరే. దగ్గర్లో ఉంది కదా అని 100 వరుస పట్టుకుంటే మార్కు గోవిందా.

మీటరు నుంచి మెయిన్ దాకా వచ్చే వైరుకు ముందు మన బ్రేకర్ ఏదీ ఉండదు. అందుకని అక్కడ భూమిలోకి దిగే వైరును 250.66 టేబుల్‌లో, వచ్చే సర్వీస్ వైరు సైజును బట్టి చూస్తారు. 200 ఆంప్స్ ఇంటికి 2/0 రాగి వస్తే 4 నంబర్ రాగి. కానీ ఆ వైరు భూమిలో పాతిన రాడ్‌కి మాత్రమే పోతుంటే, సర్వీస్ ఎంత పెద్దదైనా 6 నంబర్ రాగి చాలు. తమ్ముడికి ఇది అస్సలు మింగుడు పడలేదు. బొగ్గు, ఉప్పు పోసి ఎర్త్ పిట్ తవ్వినవాడికి రాడ్ మీద నమ్మకం ఎక్కువ. కాగితం మీద లెక్క వేసి చూపించాను. రాడ్ రెసిస్టెన్స్ 25 ఓమ్స్, వోల్టేజ్ 120 అనుకుంటే భూమిలోకి పోయేది 4.8 ఆంప్స్. దానికి 15 ఆంప్స్ బ్రేకర్ కూడా పడదు. ఫాల్ట్ వచ్చినప్పుడు బ్రేకర్‌ని పడగొట్టేది న్యూట్రల్‌తో బాండ్ అయి, అంటే కలిసి, ట్రాన్స్‌ఫార్మర్ దాకా తిరిగి వెళ్లే లోహపు దారే. రాడ్ పిడుగుల కోసం, హెచ్చు వోల్టేజ్ కోసం.

నన్నడిగితే పేపర్ తయారుచేసేవాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైనది వోల్టేజ్ డ్రాప్ ప్రశ్న, అంటే దూరం పోయేకొద్దీ వోల్టేజ్ తగ్గకుండా వైరు లావు పెంచే లెక్క. 100 ఆంప్స్ ఫీడరు (ప్యానెల్‌కి వెళ్లే పెద్ద లైను), 3 నంబర్ రాగి సరిపోతుంది, దూరం ఎక్కువని 1/0 వేశారు. ఎర్త్ వైరు ఎంత? 8 అనేవాళ్లున్నారు, ఒక మెట్టు పెంచి 6 అనేవాళ్లూ ఉన్నారు. ఫేజ్ ఎంత పెరిగిందో ఎర్తూ అదే నిష్పత్తిలో పెరగాలి. వైరు అడ్డుకోత వైశాల్యాన్ని కొలిచే సర్క్యులర్ మిల్స్‌లో చూస్తే 52,620 నుంచి 1,05,600కి, అంటే రెండింతల పైన చిల్లర. 8 నంబర్ 16,510, రెండింతలు చేస్తే 33 వేలు దాటింది. 6 నంబర్ 26,240 దగ్గరే ఆగిపోతుంది. జవాబు 4.

తమ్ముడు అప్పుడు పెన్ను కింద పెట్టి, "400 ఆంప్స్ రెండు పైపుల్లో పోతే ఎర్త్ వైరు సగం సగం వేస్తే అయిపోతది కదన్నా" అన్నాడు. లేదు, ఏ పైపుకాపైపులో 400 ఆంప్స్‌కి సరిపడా 3 నంబర్ రాగి పూర్తిగా పడాల్సిందే.